కడిగేదాకా కనిపించని బొమ్మ

మా మేనకోడలికి ఆరేళ్లు. ఆ మధ్య ఓ సాయంత్రం కిటికీ పక్కన కూర్చుని చెప్పు బెల్టుతో కుస్తీ పడుతుంటే ఫోటో తీశాను. షట్టర్ చప్పుడు వినగానే ఒక్క గెంతులో వచ్చి, కెమెరా లాక్కుని వెనక్కి తిప్పింది. "ఏదీ, చూపించు మావయ్యా!" వెనక ఏముంటుంది? గరుగ్గా, నల్లగా తోలు లాంటి అట్ట. తెర లేదు, బటన్లు లేవు. వేలితో రెండు మూడుసార్లు నొక్కి చూసింది. "పాడైపోయిందా?" అంది. పాడవలేదమ్మా, ఫోటో లోపలే ఉంది, కాకపోతే ఇప్పుడు కనిపించదు అన్నాను. "కనిపించకపోతే ఉన్నట్టెలా?" అంది.

దానికి అప్పటికప్పుడు ఏదో చెప్పి తప్పించుకున్నాను గానీ, చాలా మంచి ప్రశ్న అది. ఫోన్‌లో ఇంత బాగా ఫోటోలు పడుతున్నప్పుడు ఈ ఫిల్మ్ రీళ్లు, కడగడాలు ఎందుకని పెద్దవాళ్లు అడిగే ప్రశ్నకు కూడా జవాబు అందులోనే ఉందని నాకు తర్వాత అనిపించింది.

ఫిల్మ్ మీద ఇష్టం గురించి ఎవరిని కదిపినా జవాబులు కలగాపులగంగా వస్తాయి. రంగులు బాగుంటాయని ఒకరు, తొందరపాటు తగ్గుతుందని మరొకరు, ఆ పాత యంత్రాల చప్పుడు ఇష్టమని ఇంకొకరు. డిజిటల్ ఫోటోలో ప్రాణం ఉండదని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. వాళ్లతో నాకు పేచీ ఉంది, దాని సంగతి తర్వాత. ఫోటో ఎలా కనిపిస్తుందన్నది ఒక విషయం. దాన్ని తీసేటప్పుడు మనం ఎలా ఉంటామన్నది పూర్తిగా వేరే విషయం. రెంటినీ ముడేసి మాట్లాడటం వల్లే ఈ వాదన ఏళ్ల తరబడి తెమలదు. నా మటుకు నాకు సరదా అంతా ఆ పిల్ల పట్టుకున్న చిక్కులోనే ఉంది. బొమ్మ ఉంది, కానీ కనిపించదు.

నాలుగు పరమాణువులు

లోపల అసలేం ఉందో ముందు చూద్దాం. ఫిల్మ్ అంటే పలచటి ప్లాస్టిక్ పట్టీ మీద పూసిన జెలటిన్ పొర. ఆ జెలటిన్‌లో వెండి, బ్రోమిన్ కలిసిన సిల్వర్ బ్రోమైడ్ స్ఫటికాలు ఇసక చల్లినట్టు చిక్కుకుని ఉంటాయి. ఒక్కోటి మిల్లీమీటరులో వెయ్యో వంతు, అటూ ఇటూగా. అంత చిన్న స్ఫటికంలోనూ కోట్లకొద్దీ వెండి అయాన్లు, అంటే ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న వెండి పరమాణువులు, ఉంటాయి. షట్టర్ తెరుచుకుని వెలుతురు పడగానే కాంతికణం ఒకటి లోపల ఒక ఎలక్ట్రాన్‌ను కదిలిస్తుంది. అది కాస్త తిరిగి, స్ఫటికంలో ఎక్కడో ఉన్న చిన్న లోపం దగ్గర ఆగిపోతుంది. ఒక వెండి అయాన్ అక్కడికి చేరి, ఆ ఎలక్ట్రాన్‌ను తీసుకుని, అచ్చమైన వెండి పరమాణువవుతుంది. అలా ఒకేచోట నాలుగు పరమాణువులు పోగైతే చాలు, ఆ స్ఫటికం మీద వెలుతురు సంతకం పడినట్టే. 1938లో గర్నీ, మాట్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు ఈ తతంగాన్ని విడమరిచి చెప్పారు.

కోట్లలో నాలుగు. కంటికే కాదు, మామూలు సూక్ష్మదర్శినికీ అది దొరకదు. డెవలపర్ ద్రావణం మాత్రం పసిగడుతుంది. సంతకం పడిన స్ఫటికాలను మొత్తంగా నల్లటి వెండిగా మార్చేస్తుంది, మిగతావాటి జోలికి దాదాపుగా పోదు. నాలుగు పరమాణువుల గుర్తు నూరు కోట్ల రెట్లు పెరిగి కంటికి ఆనుతుంది. వెలుతురు తగలక మిగిలిపోయిన స్ఫటికాలను హైపో అనే రసాయనం కరిగించి తీసేస్తుంది. వెండి లవణాలను హైపో కరిగిస్తుందని జాన్ హెర్షెల్ కనిపెట్టింది 1819లో, ఫోటోగ్రఫీ లోకానికి తెలియడానికి 20 ఏళ్ల ముందే. ఈ పనంతటికీ మనవాళ్లు పెట్టుకున్న మాట "కడగడం". ఫోటోలు కడిగించారా అని అడిగేవాళ్లు కదా. కడిగితే కొత్తగా ఏదీ వచ్చి చేరదు, లోపలున్నదే బయటపడుతుంది. రసాయన శాస్త్రం చదవకుండానే ఎవరు పెట్టారో గానీ భలే కుదిరిన మాట.

జెలటిన్ గురించి ఒక పిట్టకథ చెప్పకుండా ఉండలేను. జెలటిన్‌ను పశువుల తోళ్లు, ఎముకల నుంచి తీస్తారు. ఒక విడత జెలటిన్‌తో చేసిన ఫిల్మ్ చురుగ్గా పనిచేసేది, ఇంకో విడతతో చేసింది మందంగా ఉండేది. ఎందుకో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 1920లలో ఫిల్మ్ తయారుచేసే కొడాక్ కంపెనీ పరిశోధనశాలలో శామ్యూల్ షెపర్డ్ కారణం పట్టుకున్నాడు. ఆ పశువులు మేసిన మొక్కల్లో, ముఖ్యంగా ఆవ మొక్కల్లో ఉండే గంధకం తాలూకు పదార్థాలు లేశమాత్రంగా జెలటిన్‌లోకి వస్తున్నాయి. అవి స్ఫటికాల మీద ఎలక్ట్రాన్ ఆగే చోట్లను తయారుచేస్తున్నాయి. అంటే పాతకాలపు ఫోటో బాగా పడిందంటే అందులో ఏదో ఒక ఆవు తిన్న ఆవాల మొక్కకూ వాటా ఉందన్నమాట.

ఆ కనిపించని బొమ్మ ఎంతకాలం నిలుస్తుంది? 1897లో ఆంద్రే అనే స్వీడన్ సాహసి, మరో ఇద్దరితో కలిసి హైడ్రోజన్ బెలూన్‌లో ఉత్తర ధ్రువానికి బయలుదేరాడు. బెలూన్ మంచు మీద దిగిపోయింది. కాలినడకన వెనక్కి వస్తూ ముగ్గురూ క్విటోయా అనే దీవిలో చనిపోయారు. 1930లో వాళ్ల శిబిరం దొరికింది, కెమెరా రీళ్లతో సహా. 33 ఏళ్లు మంచులో, తడిలో పడి ఉన్న ఫిల్మ్ అది. స్టాక్‌హోమ్‌లో జాన్ హెర్ట్స్‌బెర్గ్ ఓపిగ్గా కడిగితే 93 ఫోటోలు బయటపడ్డాయి. కూలిన బెలూన్ పక్కన నిలబడి దానికేసి చూస్తున్న మనుషులు కూడా వాటిలో ఉన్నారు. తీసినవాడు ఆ ఫోటో చూడలేదు, దిగినవాళ్లూ చూడలేదు. ఎవరూ చూడని 33 ఏళ్లూ ఆ బొమ్మ ఉన్నట్టా లేనట్టా? మా మేనకోడలి ప్రశ్న పెద్దదే.

పేచీ సంగతి

డిజిటల్ కెమెరాలో ఫిల్మ్‌కు బదులుండే సెన్సర్‌లో జరిగే మొదటి అడుగు కూడా ఇదే. కాంతికణం వస్తుంది, సిలికాన్‌లో ఒక ఎలక్ట్రాన్‌ను కదిలిస్తుంది. అక్కడిదాకా రెండింటికీ తేడా లేదు. ఫిల్మ్ ఆ గుర్తును అలాగే వదిలేసి కూర్చుంటుంది, సెన్సర్ అక్కడికక్కడే లెక్కపెట్టి అంకెగా మార్చేస్తుంది. ఒకదానిలో ప్రాణం ఉండి రెండోదానిలో లేకపోవడానికి ఇందులో ఏమీ లేదు. ఫిల్మ్‌వాళ్లు కొందరు మాట్లాడే తీరు చూస్తే వెండికి ఆత్మ ఉన్నట్టూ, సిలికాన్‌కు లేనట్టూ ఉంటుంది.

ఇక నాణ్యత లెక్కకొస్తే ఫిల్మ్ ఓడిపోయి చాలా ఏళ్లయింది. మీద పడే వందలో ఒకటో రెండో కాంతికణాలే ఫిల్మ్‌కు ఉపయోగపడతాయి. మంచి సెన్సర్ సగానికి పైగా పట్టేస్తుంది. ఖగోళ శాస్త్రవేత్తలు 1980ల నుంచే ఫిల్మ్ వదిలి సెన్సర్లకు మారింది అందుకే. వాళ్లకు నక్షత్రం ముఖ్యం, మనలాంటి చాదస్తాలు లేవు. చీకట్లో తీయడం, వివరాలు, ఖర్చు, వేగం, ఏది చూసినా డిజిటలే మేలు. మొట్టమొదటి డిజిటల్ కెమెరాను ఫిల్మ్ అమ్ముకుని బతికే కొడాక్‌లోనే, 1975లో స్టీవ్ శాసన్ తయారుచేశాడని చాలామందికి తెలుసు. అది ఒక్క ఫోటోను క్యాసెట్ టేపు మీదకు ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకునేదని తక్కువమందికి తెలుసు. ఎదురుచూపు డిజిటల్‌లోనూ ఉండేది, ఇంజనీర్లు పట్టుబట్టి దాన్ని పోగొట్టారు.

మరి ఫిల్మ్ ఫోటో వేరుగా కనిపిస్తుందనేది ఉత్త భ్రమా? కాదు, దానికి కారణాలున్నాయి. పొడి నేల మీద వాన మొదలవడం గుర్తు తెచ్చుకోండి. మొదటి చినుకులన్నీ పొడి చోటే పడతాయి, నేల గబగబా తడుస్తుంది. సగం తడిశాక కొత్త చినుకుల్లో చాలావాటికి పొడి చోటు దొరకదు, తడిసిన చోటే పడతాయి. ఫిల్మ్ మీద వెలుతురు పడటం ఇలాంటిదే. వెలుతురు పెరిగేకొద్దీ మిగిలిన స్ఫటికాలు తగ్గిపోతాయి, కాబట్టి తెల్లటి మేఘం, దీపపు వెలుగు, ఎండ పడిన చెంప ఒక్కసారిగా తెగిపోకుండా మెల్లగా తెలుపులోకి జారతాయి. సెన్సర్ అలా కాదు, గ్లాసు నిండినట్టు నిండుతుంది. నిండిందంటే అంతే, పై వివరం ఒలికిపోయినట్టే. ఫిల్మ్ తాలూకు ఈ వంపును హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు 1890లోనే గీసి చూపించారు. వెలుగునీడలు తిరగబడి పడే నెగటివ్ ఫిల్మ్ మీద వెలుతురు కాస్త ఎక్కువైనా ఫరవాలేదని, తక్కువైతే మాత్రం గోవిందా అని పాతవాళ్లు చెప్పేది దీనివల్లే. డిజిటల్‌లో భయపడాల్సింది సరిగ్గా దీనికి తలకిందులుగా.

తక్కువైతే ఏమవుతుందో కూడా ఆ నాలుగు పరమాణువుల లెక్కే చెబుతుంది. వెలుతురు మరీ మసకగా ఉంటే ఒక పరమాణువు ఏర్పడి, తోడు కోసం చూసి చూసి, రెండోది వచ్చేలోపే కరిగిపోతుంది. అందుకే రాత్రిపూట వెలుతురు కొలిచే మీటరు 10 సెకన్లు చాలంటే చాలా ఫిల్ములకు అంతకన్నా బాగా ఎక్కువ ఇవ్వాల్సి వస్తుంది. ఫిల్మ్ మరిచిపోతుంది. నాకు ఈ విషయం చదివినప్పుడు ఫిల్మ్ మీద జాలి లాంటిది కలిగింది.

గ్రెయిన్, అంటే ఫిల్మ్ ఫోటోలో కనిపించే ఇసక పలుకు, కూడా నిజమే. స్ఫటికాలు ఇష్టమొచ్చినట్టు చెదిరి ఉంటాయి, ఏ రెండు ఫ్రేముల్లోనూ ఒకేలా ఉండవు. పిక్సెళ్లు గళ్ల చొక్కాలా వరసగా ఉంటాయి. కలర్ ఫిల్మ్‌లో అయితే చివరికి వెండే మిగలదు, వెండి ఉన్నచోట రంగు ఏర్పడి, ఆ తర్వాత వెండిని పూర్తిగా కడిగేస్తారు. ఆ రంగుల ఎంపిక ఒక్కో కంపెనీది ఒక్కో తీరు.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. కలర్ నెగటివ్‌ను నేరుగా చూస్తే నారింజ రంగు ముసుగేసుకుని, రంగులన్నీ తిరగబడి ఉంటాయి. దాన్ని స్కాన్ చేసి తిప్పేటప్పుడు ఏది తెలుపు, చర్మం ఎంత వెచ్చగా ఉండాలి అని ఎవరో ఒకరు తేల్చాలి. ఆ ఎవరో ల్యాబ్‌లో మనిషి కావచ్చు, యంత్రంలోని ప్రోగ్రాం కావచ్చు. ఒకే నెగటివ్‌ను రెండుచోట్ల స్కాన్ చేయించి పక్కపక్కన పెట్టుకుంటే ఆశ్చర్యపోతారు. ఫలానా ఫిల్మ్ రంగులని మనం మెచ్చుకునేవాటిలో సగం ఆ స్కానర్ పుణ్యం. పైగా స్కాన్ అయ్యాక అదీ డిజిటల్ ఫైలే. ఆ రూపం ఒక్కటే కావాలనుకుంటే, డిజిటల్ ఫోటోకు మంచి ఫిల్టర్ వేసుకోవడంలో తప్పేమీ లేదని నా అభిప్రాయం. చాలావరకు పోల్చుకోలేం కూడా. ఫిల్మ్ వాడటానికి రూపం ఒక్కటే కారణమైతే, ఆ ఖర్చు, శ్రమ దండగ.

36

ఫిల్టర్ ఇవ్వలేనిది లెక్క. 1888లో కొడాక్ వ్యవస్థాపకుడు ఈస్ట్‌మన్ అమ్మిన మొదటి కొడాక్ కెమెరాలో 100 ఫోటోల రీలు ఉండేది. అయిపోయాక కెమెరాను కెమెరాగానే కంపెనీకి పంపితే, ఫోటోలు తీసిచ్చి కొత్త రీలు వేసి పంపేవాళ్లు. ఆస్కార్ బార్నాక్ సినిమా ఫిల్మ్‌ను అడ్డంగా తిప్పి వాడుకున్న లైకా కెమెరా 1925లో వచ్చింది. 1934లో కొడాక్ ఆ 35 మిల్లీమీటర్ల ఫిల్మ్‌ను కెమెరాలో నేరుగా వేసుకునే డబ్బాలో పెట్టి అమ్మింది. మనకు తెలిసిన 36 ఫోటోల రీలు ఆ వంశానిదే.

36 అనేది విచిత్రమైన అంకె. మరీ తక్కువ కాదు కాబట్టి బిగుసుకుపోము, ఎక్కువ కాదు కాబట్టి గుర్తుంటుంది. ఐదో ఆరో ఫోటోలు తీసేసరికి మనసులో ఒక లెక్క నడుస్తుంటుంది. 28 దాటాక ఆ లెక్క గట్టిగా వినిపిస్తుంది. ఎదురుగా బాగున్న దృశ్యం కనిపించినా కెమెరా కంటికి ఆనించి, చూసి, దించేయడం అలవాటవుతుంది. తీయని ఫోటోకు కూడా తీసినంత చూపు ఖర్చవుతుంది. డిజిటల్‌లో ముందు తీసి తర్వాత ఎంచుకుంటాం. ఇక్కడ ఎంపిక ముందే జరిగిపోతుంది, అదీ ఆ వెలుతురులో, ఆ మనిషి ఎదురుగా ఉండగానే. పెద్ద సైజు 120 రీలుతో చదరపు ఫోటోలు తీసేవాళ్లకు 12 మాత్రమే దొరుకుతాయి. వాళ్ల నడకే వేరుగా ఉంటుంది. సగం ఫ్రేముతో 72 ఫోటోలు ఇచ్చే కెమెరాలూ ఉన్నాయి, 2024లో పెంటాక్స్ కంపెనీ కొత్తగా ఒకటి తెచ్చింది. నాకు 72 అంటే రీలు ఎప్పటికీ అవ్వదేమో అని టెన్షన్.

ఇంకో కట్టుబాటు స్పీడు, అంటే ఫిల్మ్ వెలుతురును పట్టే చురుకు. 100 స్పీడు రీలు వేశామంటే అది అయ్యేదాకా 100తోనే కాపురం. సాయంత్రమైతే ఫోన్ తనే సర్దుకుంటుంది, ఇక్కడ మనమే వెలుతురు ఉన్నచోటికి నడవాలి. కొన్నాళ్లకు వెలుతురు అంకెల్లో కనపడటం మొదలవుతుంది. నిండు ఎండలో లెన్స్ కంత, అంటే అపర్చర్, 16 దగ్గర పెట్టి, షట్టర్‌ను ఫిల్మ్ స్పీడుకు దగ్గరి అంకె మీద, అంటే 100 స్పీడుకు 125 మీద పెడితే ఫోటో వస్తుందని పాత సూత్రం. పలచటి మబ్బు పడితే 11, మబ్బు ముదిరితే 8, నీడలోకి వెళ్తే 5.6 లేదా 4. మీటరు లేని కెమెరాతో ఈ లెక్క వేసి, ఫోటో సరిగ్గా వచ్చినప్పుడు కలిగే సంబరం చిన్నపిల్లల సంబరమే. అయినా దాన్ని వదులుకోను.

ఇదంతా డిజిటల్‌తో చేయలేమా అంటారు. చేయొచ్చు. తెర మీద నల్ల టేపు అతికించి, ఒకే స్పీడు పెట్టుకుని, 36 దగ్గర ఆగిపోవచ్చు. నేను చేశాను. రెండో రోజుకు టేపు అంచు పైకి లేచింది. అది దానంతటదే లేచిందని ఒట్టేసి చెప్పలేను. చూడగలిగి కూడా చూడకుండా ఉండటం ఉపవాసం లాంటిది, ధ్యాసంతా దానిమీదే ఉంటుంది. చూడటానికి ఏమీ లేనప్పుడు ఆ ధ్యాసే రాదు. లైకా కంపెనీ 2016లో వెనక తెరే లేని డిజిటల్ కెమెరా ఒకటి అమ్మింది. జనం ఒక వస్తువు లేకపోవడం కోసం డబ్బు పెట్టారంటే నవ్వొస్తుంది గానీ, నాకు వాళ్ల బాధ అర్థమవుతుంది.

తెర లేకపోతే ఎదుటివాళ్లు కూడా మారతారు. ఇది నేను మొదట్లో ఊహించలేదు. ఫోన్‌తో తీస్తే, తీసిన మరుక్షణం అందరూ చుట్టూ చేరతారు. కళ్లు మూసుకున్నాను, ఇంకోటి తియ్యి; ఈ పక్క నుంచి వద్దు, లావుగా ఉన్నాను. ఏ కబుర్లు, ఏ నవ్వులు చూసి ఫోటో తీయాలనిపించిందో అవే మాయమైపోతాయి. ఫిల్మ్ కెమెరా అయితే టక్‌మంటుంది, చూపించడానికి ఏమీ లేదు, అందరూ కూర్చున్నచోటే ఉంటారు. ఆగిన మాట మళ్లీ మొదలవుతుంది. నాకు నచ్చిన ఫోటోలు చాలావరకు ఆ రెండోసారి తీసినవే.

మరిచిపోయాక చూడటం

గ్యారీ వినోగ్రాండ్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ వీధుల్లో విపరీతంగా ఫోటోలు తీసేవాడు. 1984లో చనిపోయేనాటికి కడగని రీళ్లే సుమారు 2,500 మిగిల్చిపోయాడు. ఆయన కావాలనే రీళ్లను చాలాకాలం కడగకుండా పక్కన పెట్టేవాడు. ఫోటో తీసినరోజు మనసు బాగుంటే ఆ సంతోషం ఫోటోకు అంటుకుని, మామూలు ఫోటో కూడా గొప్పగా కనిపిస్తుందని ఆయన భయం. మరిచిపోయాక చూస్తే ఎవరో తీసిన ఫోటోను చూసినట్టు చూడొచ్చు. 2,500 రీళ్లు వదిలేయడం మంచి పద్ధతని నేను చెప్పను. కానీ నెలరోజులైనా ఆగి చూస్తే ఆయన చెప్పింది తెలిసొస్తుంది. కొండ మీదకు అంత కష్టపడి ఎక్కి తీసిన సూర్యోదయం చప్పగా ఉంటుంది. రీలు అయిపోవడం కోసం తీసిన ఖాళీ కుర్చీ దగ్గర కన్ను ఆగిపోతుంది.

ఫోన్‌లో వేలకొద్దీ ఫోటోలు అడవిగాచిన వెన్నెల అయిపోవడానికి కారణం అవి ఎక్కువగా ఉండటమొక్కటే కాదు. వాటిని తీసిన సెకనులోనే ఒకసారి చూసేశాం. ఆకలి అప్పుడే తీరిపోయింది.

ఎదురుచూపులో అసలు ఘట్టం కడగడం. నలుపు తెలుపు ఫిల్మ్ ఇంట్లోనే కడుక్కోవచ్చు, డార్క్ రూమ్ అక్కర్లేదు. వెలుతురు చొరబడని నల్ల సంచీలో చేతులు పెట్టి, ఫిల్మ్‌ను డబ్బాలోంచి తీసి, ప్లాస్టిక్ చక్రం గాడిలోకి ఎక్కించాలి. కళ్లు ఎదురుగా గోడను చూస్తుంటాయి, పని చేసేది వేళ్లే. చక్రం రెండు పక్కలనూ అటూ ఇటూ తిప్పుతుంటే కిర్రు కిర్రుమంటూ ఫిల్మ్ లోపలికి పాకుతుంది. సంచీలో చేతులకు చెమట పడితే ఫిల్మ్ మధ్యలో అంటుకుపోతుంది. అప్పుడు తొందరపడితే మడత పడుతుంది, ఆ మడత ఫోటోలో నెలవంకలా మిగిలిపోతుంది. ఆగి, ఊపిరి పీల్చుకుని, రెండడుగులు వెనక్కి లాగి మళ్లీ మొదలుపెట్టాలి. ఎక్కాక చక్రాన్ని ట్యాంకులో పెట్టి మూత బిగిస్తే చాలు, మిగతాదంతా లైటు వేసుకునే చేసుకోవచ్చు.

20 డిగ్రీల డెవలపర్ పోసి, నిమిషానికోసారి ట్యాంకును తలకిందులు చేస్తూ, ఫిల్మ్‌ను బట్టి ఏడెనిమిది నిమిషాలు. పారబోసి, డెవలపర్ పనిని ఆపే స్టాప్ బాత్. తర్వాత హైపో ఐదు నిమిషాలు. కలర్ అయితే 38 డిగ్రీల దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు, అర డిగ్రీ తేడా వచ్చినా రంగులు అలుగుతాయి. అందుకే నేను దాని జోలికి పోను. హైపో అయ్యాక మూత తీసి, తడి ఫిల్మ్‌ను రెండు జానల మేర లాగి దీపానికి ఎదురుగా పట్టుకునే ఆ క్షణం ఉందే, ఎన్ని రీళ్లు కడిగినా గుండె కాస్త వేగంగానే కొట్టుకుంటుంది. ఏదో ఉంది. చిన్న చిన్న గళ్లలో తిరగబడిన మనుషులు, నల్లటి ఆకాశం.

ఏమీ లేని రోజూ ఉంటుంది. కొత్తలో ఒక కొండ ప్రయాణానికి కెమెరా తీసుకెళ్లాను. రెండు రోజులు ఆచితూచి తీశాను. కౌంటర్ 36 చూపించింది. ఫిల్మ్‌ను ముందుకు జరిపే లివర్ బిగుసుకోవాలి, బిగుసుకోలేదు. 37, 38, 39. అదృష్టం, ఈ డబ్బాలో ఎక్కువ ఫిల్మ్ పెట్టారనుకుని మురిసిపోయాను కూడా. ఇంటికొచ్చి వెనక తలుపు తెరిస్తే, ఫిల్మ్ మొదలు నేను పెట్టినచోటే పెట్టినట్టు నాలుక చాపుకుని ఉంది. చక్రానికి అది పట్టుకోనేలేదు. ఆ కౌంటర్ ఫిల్మ్‌ను లెక్కపెట్టదు, నా బొటనవేలిని లెక్కపెడుతుంది. అప్పటినుంచీ లివర్ తిప్పినప్పుడల్లా ఎడమ పక్కన రివైండ్ పిడి కూడా తిరుగుతోందా లేదా అని చూస్తాను. తిరిగితే లోపల ఫిల్మ్ కదులుతున్నట్టు. ఈ ఒక్క చూపు నేర్చుకోవడానికి నాకు ఒక కొండ ఖర్చయింది.

కష్టాలు ఇంకా ఉన్నాయి. వాడిన హైపోలో కరిగిన వెండి ఉంటుంది, దాన్ని కాలువలో పారబోయడం మంచిది కాదు, సేకరించేచోట ఇవ్వాలి. జెలటిన్ జంతువుల నుంచి వచ్చేది కాబట్టి దాన్ని ముట్టనివాళ్లకు ఫిల్మ్ పనికిరాదు. విమానాశ్రయాల్లో కొత్తరకం సీటీ స్కానర్లు కడగని ఫిల్మ్‌ను పాడుచేస్తాయి, చేతితో తనిఖీ చేయమని బతిమాలుకోవాలి. నెగటివ్ శాశ్వతమనే మాట కూడా పూర్తిగా నిజం కాదు. పాత ఎసిటేట్ ఫిల్మ్ వేడికి, తేమకు కుళ్లి వెనిగర్ వాసన కొడుతుంది, కలర్ నెగటివ్‌లు వెలిసిపోతాయి. అన్నిటికన్నా పెద్ద కష్టం, ఫిల్మ్ వాడకం ఎప్పుడూ ఎవరి దయమీదో ఆధారపడి ఉంటుంది. కొడాక్రోమ్ అనే కలర్ ఫిల్మ్ 1935లో వచ్చింది, 2009లో ఆపేశారు. దాని రంగులు కడిగేటప్పుడే చేరతాయి, ఆ పద్ధతి వేరు. అమెరికాలోని కాన్సాస్‌లో మిగిలిన ఆఖరి ల్యాబ్ 2010 చివర్లో ఆ రీళ్లు తీసుకోవడం ఆపేసింది. ఆ తర్వాత సొరుగుల్లో దొరికిన రీళ్ల నుంచి నలుపు తెలుపు బొమ్మ మాత్రమే రాబట్టగలం. రంగులు రావాల్సిన ఫోటో అది, తీసినప్పుడు అన్నీ సరిగ్గానే ఉన్నాయి, కడిగేవాళ్లే లేకుండా పోయారు. ఎక్టాక్రోమ్ అనే మరో కలర్ ఫిల్మ్‌కు అలా కాలేదు, 2012లో ఆపేసినా 2018లో తిరిగొచ్చింది. దేనికి ఆ యోగం ఉంటుందో ముందు చెప్పలేం.

కిటికీ పక్కన తీసిన ఆ రీలు అవడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. కడిగి, ఆరబెట్టి, ఆరు ఫ్రేములకొక ముక్కగా కత్తిరించి పెట్టుకున్నాను. మేనకోడలు మళ్లీ వచ్చినప్పుడు ఒక ముక్క తీసి, అంచులు పట్టుకోవడం నేర్పించి, అదే కిటికీ దగ్గర వెలుతురుకు ఎత్తి చూడమన్నాను. ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. నలుపు తెలుపు నెగటివ్ కదా, మొహం నల్లగా, జుట్టంతా పండిపోయి ఉంది.

"ఇది నేను కాదు. అమ్మమ్మ" అంది.

నువ్వే, సరిగ్గా చూడు అన్నాను. మళ్లీ ఎత్తింది. ఇంకాస్త దగ్గరకు పెట్టుకుని, ముక్కు దాదాపు ఫిల్మ్‌కు ఆనించి వెతికింది.

"చెప్పు మాత్రం నాదే" అంది.